తోమకండి, తుడవండి

నేను బ్యాండు మేళంలో ట్రంపెట్‌ని. పుట్టింది మీరట్ జలీ కోఠీలో, బతుకు కాకినాడ పెళ్ళి ఊరేగింపుల్లో. ఒళ్ళు ఇత్తడిదే, పైన తెల్లగా మెరిసేది నికెల్ పూత. వెంట్రుక మందం కూడా ఉండదు. నా పరువంతా దాని మీదే.

మచ్చ పడితే అందరూ ఉప్పుగాలినే తిడతారు. కానీ చాలా మచ్చలు పూత వేసేచోటే మొదలవుతాయి. నికెల్ సల్ఫేటు, బోరిక్ ఆమ్లం కలిసిన వేడి ద్రావణంలోంచి తీశాక గబగబా కడిగేస్తే, అతుకుల్లో దాగిన ద్రావణం కొన్నాళ్ళకు చెమ్మతో పైకి ఊరుతుంది. బోరు నీళ్ళతో కడిగి వదిలేస్తే ఆరిన ప్రతి చుక్కా తెల్లచార. నాకు పూత వేసిన మేస్త్రి ఆఖరుసారి శుద్ధమైన వేడినీళ్ళలో ముంచి, తీసీతీయగానే వెచ్చటి రంపపు పొట్టులో పొర్లించి ఆరబెట్టాడు. ఒట్టిచేత్తో ముట్టుకోలేదు. ఆయన ఓపికే ఇన్నేళ్ళుగా నన్ను కాపాడుతోంది.

మొన్న మేళంలో కొత్తగా చేరిన కుర్రాడు చింతపండు, బూడిద పట్టుకుని నా ముందు కూర్చున్నాడు. మా పెద్దాయన పరుగున వచ్చాడు.

"ఒరేయ్, ఇది మీ అమ్మ తోమే బిందె కాదురా! తోమితే పూత లేచిపోద్ది."

"మరి ఈ పచ్చమచ్చ ఎలా పోతుంది బాబాయ్?"

"నూనె రాసి రెండ్రోజులు వదిలెయ్. మెత్తబడ్డాక పాత పంచె గుడ్డతో తుడువు."

ఆ పచ్చది ఇత్తడి చిలుము. పూతలో కంటికి ఆనని రంధ్రాలుంటాయి, చెమటలోని ఉప్పు వాటిలోంచి దిగి ఇత్తడిని తింటుంది. తెల్లచారలకైతే నీళ్ళు కలిపిన వెనిగర్ చాలు, వెంటనే కడిగి పొడిగా తుడవాలి. గాలి తగిలి నికెల్ పసుపుగా మసకబారడం మాత్రం దాని స్వభావం. కుళాయిలకు దాని పైన పల్చగా క్రోమియం కూడా వేసేది అందుకే.

పెద్దాయన వాయించడం అయ్యాక ఉమ్మితడి వంచేసి, నన్ను ఆసాంతం తుడిచి, అప్పుడప్పుడూ పల్చగా మైనం రాస్తాడు. అయినా ఆయన ఎడమచెయ్యి పట్టుకునేచోట పూత అరిగి ఇత్తడి పసుపుగా బయటపడింది. దానికి ఏ పాలిషూ పనిచేయదు. పాత నికెల్ పూర్తిగా తీయించి, మళ్ళీ మొదటినుంచి పూత వేయించాల్సిందే. పెళ్ళిళ్ళ సీజను దాటాక వేయిస్తానన్నాడు.