పొజిషన్ లేదు బాబూ!

ముప్పై మూడేళ్ళు సర్కారు బడిలో పంతులుగా చేశాను. బదిలీల సంగతి నాకెవరూ చెప్పనక్కర్లేదు. స్టేషన్ పాయింట్లు, స్పౌజ్ పాయింట్లు, ఎమ్మెల్యే లెటర్లు, అన్నీ చూశాను. ఒకే బడిలో ఎనిమిదేళ్ళు దాటితే లేచి తీరాల్సిందే. ఖాళీల జాబితా గోడకి అంటించేవారు. మనం కన్నేసిన ఊరు ఇంకొకడు ఎత్తుకుపోతే, ఎన్ని పాయింట్లతో ఎత్తుకుపోయాడో తెలిసేది. ఏడ్చినా లెక్క చూసుకుని ఏడ్చేవాళ్ళం. ఒకరి చోటికి ఒకరు పోదామని ఇద్దరు పంతుళ్ళు అనుకుంటే ‘మ్యూచువల్’ అని ఒక దారి కూడా ఉండేది.

ఇంత అనుభవమూ మా అక్క కొడుకు ట్రాన్స్‌ఫర్ దగ్గర పనికిరాలేదు.

వాడిది పెద్ద సాఫ్ట్‌వేర్ కంపెనీ. ఇల్లు కూకట్‌పల్లిలో, కంపెనీ ఆఫీసొకటి మాదాపూర్‌లో. చేరేటప్పుడు ఇష్టమైన మూడు ఊళ్ళు రాయమన్నారు. మూడుసార్లూ హైదరాబాదే రాయబోతే కంప్యూటర్ ఒప్పుకోలేదు. సరే, హైదరాబాద్, బెంగళూరు, పుణె అని రాశాడు. చెన్నైలో సిరుసేరి ఇచ్చారు. ఎక్కడికి పంపకూడదో మర్చిపోకుండా ఉండటానికి ఆ జాబితా రాయించుకుంటారని మాకు ఆలస్యంగా అర్థమైంది.

కంటి ఆసుపత్రి పనిమీద చెన్నై వెళ్ళి ఒక రాత్రి వాడి గదిలో పడుకున్నాను. ముగ్గురు కుర్రాళ్ళు, రెండు మంచాలు. పదిన్నరకి దిండు మీద ల్యాప్‌టాప్ పెట్టుకుని హెడ్‌ఫోన్ తగిలించాడు. మాదాపూర్‌లో ఉన్న లీడ్‌తో తెలుగులో, అమెరికాలో ఒహాయో క్లయింట్‌తో ఇంగ్లీషులో, పుణె టెస్టర్లతో రాని హిందీలో మాట్లాడాడు. చెన్నైతో మాట్లాడింది ఒక్క ముక్క. ఇడ్లీ పొట్లం తెచ్చిన కుర్రాడితో ‘నన్రి’ అన్నాడు.

“మరి నిన్ను ఇక్కడెందుకు పెట్టార్రా?” అన్నాను.

“కొలాబరేషన్ కోసం మామయ్యా. టీమంతా ఒక్కచోట ఉండాలట.”

“టీమెక్కడుంది?”

“ఇక్కడ లేదు.”

పొద్దున్నే లేచి, ఆ లేని టీముతో కలిసి కూర్చోడానికి కార్డు గీకి ఆఫీసులోకి వెళ్తాడు. గీకకపోతే మెయిలొస్తుంది.

దూరం లెక్కే కాదని చెప్పుకునే కదా ఈ కంపెనీలు ఇంత సంపాదించింది! 2020లో ఆఫీసులకి తాళాలు పడ్డప్పుడు తెనాలి మేడల మీంచీ కడప మంచాల మీంచీ పని నడిపించుకున్నది వీళ్ళే. సిరుసేరికీ ఒహాయోకీ మధ్య మహాసముద్రాలు అడ్డురావు. సిరుసేరికీ మాదాపూర్‌కీ మధ్య మాత్రం నెల్లూరు అడ్డొస్తుంది.

ట్రాన్స్‌ఫర్ అడిగితే, ముందు హైదరాబాద్‌లో ఓపెన్ పొజిషన్ చూసుకో, అప్పుడు రిలీజ్ చేస్తానన్నాడు చెన్నై మేనేజరు. ముందు రిలీజ్ తెచ్చుకో, అప్పుడు పొజిషన్ చూస్తానన్నాడు హైదరాబాద్ మేనేజరు. పెళ్ళయితే గానీ పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితే గానీ పెళ్ళి కాదు. పోర్టల్లో టికెట్ పెడితే, సమస్య పరిష్కారమైందని మూసేసి, మా సేవకి ఎన్ని నక్షత్రాలిస్తావని అడిగారు.

అదే కంపెనీకి కావాలంటేనా? వీడి పక్క సీటు అమ్మాయికి శుక్రవారం సాయంత్రం మెయిలొచ్చింది. సోమవారానికల్లా భువనేశ్వర్‌లో ఉండాలి. ఆ పిల్లని రిలీజూ అడగలేదు, రీప్లేస్‌మెంటూ అడగలేదు. బిజినెస్ రిక్వైర్‌మెంట్ అన్నారు. మా శాఖలో దీన్నే ‘పరిపాలనా సౌలభ్యం దృష్ట్యా’ అనేవారు. అది మీద పడ్డవాడు ఎమ్మెల్యే ఇంటికి పరిగెత్తేవాడు. ఈ పిల్లలకి ఆ గడప కూడా లేదు. ఫ్రెషర్ జీతమంటారా, పదిహేనేళ్ళుగా ఏడాదికి 3, 4 లక్షల మధ్యే తచ్చాడుతోంది. దానికి మాత్రం ఏ ట్రాన్స్‌ఫరూ లేదు.

14 నెలలు చూశాడు మావాడు. మాదాపూర్‌లోనే ఇంకో కంపెనీ, జీతం పెంచి మరీ రమ్మంది. రాజీనామా బటన్ నొక్కిన గంటలోపు, ఏనాడూ ఫోన్ ఎత్తని మేనేజరు తనే ఫోన్ చేశాడు. “ఇంత చిన్న విషయానికా? ఒక్కమాట అడిగితే చేసేవాళ్ళం కదా! హైదరాబాద్‌లో పొజిషన్ ఉంది, ఉండిపో.”

మా అక్క అమాయకురాలు. “పాపం, మంచివాళ్ళేరా” అంది.

వాడు ఉండనన్నాడు. ఇప్పుడు 90 రోజుల నోటీసులో ఉన్నాడు. పని అప్పజెప్పడానికి రోజూ గంటసేపు కేటీ. అప్పజెప్పించుకుంటున్న కుర్రాడు మాదాపూర్ ఆఫీసులో కూర్చుంటాడు. ఆ అబ్బాయిది తాంబరం. రెండేళ్ళుగా చెన్నై అడుగుతుంటే పొజిషన్ లేదంటున్నారట. “నా సీటు ఖాళీ అవుతోంది కదా, ఇక వచ్చెయ్యొచ్చుగా?” అని మావాడు ఉత్సాహంగా అడిగాడు.

“లేదు బ్రో, ఆ పొజిషన్‌ని హైదరాబాద్‌కి ట్రాన్స్‌ఫర్ చేశారు.”