పెంగ్లైస్ గిరి విజయము

స్వస్తిశ్రీ! వేల్స్ దేశ పశ్చిమ తీరాన, కార్డిగన్ అఖాతపు తరంగహస్తాలు నిత్యమూ పాదాలు కడిగే అబెరిస్ట్‌విత్ అనే పట్టణం కలదు. దివాలా తీసిన ఒకానొక హోటల్ భవనంలో 1872లో 26 మంది శిష్యులతో వెలసిన అక్కడి విద్యాపీఠం క్రమంగా పైకి పాకి పెంగ్లైస్ గిరిశిఖరాన కొలువుదీరింది. కావ్యానికి పద్దెనిమిది వర్ణనలు ఉండాలన్నారు పెద్దలు. జలక్రీడలను విడిచిపెడుతున్నాను, ఆ దేశంలో ఆ బాధ్యత వానే చూసుకుంటుంది. సూర్యోదయం కనబడిన నాడు వర్ణిస్తాను. ఇక మిగిలింది యుద్ధం.

శిశిరం ఇంకా పోకముందే స్టూడెంట్స్ యూనియన్ ఎన్నికల భేరి మోగుతుంది. దిక్కులు పిక్కటిల్లాయని రాయాలని ఉంది గానీ, వచ్చేది ఈమెయిల్. అంతట వీరులు అట్టముక్కలు కవచాలుగా, దుప్పటి మీద రంగుతో రాసుకున్న స్వనామమే ధ్వజంగా, చాక్లెట్ల సంచి అక్షయతూణీరంగా లైబ్రరీ వాకిట మోహరిస్తారు. నినాదం వెల్ష్‌లోనూ ఇంగ్లిష్‌లోనూ పలకాలి గనుక ప్రతి పోస్టరూ సర్పరాజువలె రెండు నాలుకలు చాస్తుంది. క్లాసు వదిలిన ఓటరు ఫోన్ చెవికి ఆనించి, అవతల ఎవరూ లేకున్నా గంభీరంగా ఊఁకొడుతూ, ఆ వ్యూహాన్ని ఛేదించుకుని బయటపడే తీరు చూస్తే, అయ్యో, అభిమన్యుడికి ఈ పాటి విద్య నేర్పేవారు లేకపోయారే అనిపిస్తుంది. గెలిచినవారికి దక్కే సామ్రాజ్యం ఒక గది, ఒక బల్ల, ఏడాది జీతం. జీతం తీసుకునే పదవిలో ఎవరూ మొత్తం రెండేళ్లకు మించి ఏలరాదని 1994 విద్యా చట్టం శాసిస్తోంది. ఇంద్రపదవికైనా ఇంత కట్టడి లేదు.

ఈ రణరంగంలో అందరూ జంకే వీరుడు ఒకడున్నాడు. తల లేదు, మొండెం లేదు, మేనిఫెస్టో లేదు. నిర్గుణుడు, నిరాకారుడు, చాక్లెట్లు పంచనివాడు. పేరు రాన్. ‘వీళ్లెవరూ వద్దు, మళ్లీ నామినేషన్లు పిలవండి’ అనే మాటే బ్యాలెట్ మీద అభ్యర్థిగా నిలబడితే వాడే రాన్. మన నోటాకు తమ్ముడనుకుంటే పొరపాటు. మన అసెంబ్లీ ఎన్నికల్లో నోటాకు ఎన్ని ఓట్లు పడ్డా, అభ్యర్థుల్లో ముందున్నవాడే ఎమ్మెల్యే. రాన్ గెలిస్తే మాత్రం సింహాసనం ఖాళీ, ఎన్నిక మళ్లీ మొదటికి. పైగా ఓటరు 1, 2, 3 అని అంకెలు వేస్తాడు. మొదటి ఇష్టుడు నేలకూలితే ఆ ఓటు ప్రాణం పోకుండా రెండో ఇష్టుణ్ని చేరుకుంటుంది.

గుప్పెడు ఓట్లకు ఇంత ఆర్భాటమా అంటారేమో. 1979లో సొంత సభ వద్దని ఐదింట నాలుగు ఓట్ల లెక్కన తోసిపుచ్చిన ఆ దేశమే, 1997లో కేవలం 6,721 ఓట్ల ఆధిక్యంతో ఔనంది. ఆ సభ పేరు నేడు సెనెడ్. అక్కడ గద కూడా కవికల్పన కాదు; 2006లో న్యూ సౌత్ వేల్స్ పార్లమెంటు కానుకగా పంపింది. అబెరిస్ట్‌విత్‌లో న్యాయశాస్త్రం చదివి, వేల్స్ విద్యార్థుల జాతీయ సంఘానికి అధ్యక్షుడైన వాన్ గెథింగ్ 2024 మార్చిలో 51.7 శాతం ఓట్లతో లేబర్ నాయకత్వం గెలిచి ప్రథమ మంత్రి అయ్యాడు. ఈసారి తూణీరంలో ఉన్నది చాక్లెట్లు కావు, రెండు లక్షల పౌండ్ల విరాళం. దానిపై దుమారం రేగితే, నియమాలు మీరలేదని ఆయన వాదించాడు. జూన్‌లో 29–27తో అవిశ్వాసం నెగ్గింది, జూలైలో రాజీనామా ప్రకటించాడు, ఆగస్టుకు గదిలో కొత్తవారు.

సెనెడ్‌కు కూడా అంకెలు వేసే ఓటే మేలని 2017లో నిపుణుల సంఘం సిఫారసు చేసింది. 2024 చట్టం ఆ మాట పక్కన పెట్టింది: 16 నియోజకవర్గాలు, ఒక్కోదానికి ఆరుగురు, మొత్తం 96 మంది, పేర్ల వరుస పార్టీలే నిర్ణయించిన జాబితాలు. పదహారేళ్లు నిండినవారికి ఓటిచ్చిన ఉదార సభ ఇదే. నన్నడిగితే పెంగ్లైస్ గిరి మీది బ్యాలెట్టే గొప్పది. 2026 నుంచి సెనెడ్ ఓటరు పెట్టగలిగేది ఒక్క గుర్తు, ఒక పార్టీకో స్వతంత్ర అభ్యర్థికో. ఆ కాగితం మీద రాన్ లేడు.