అడ్రస్ ఉంటేనే ఇల్లు!

2017 నవంబరులో ఇవాంకా ట్రంప్ వస్తున్నారనగానే హైదరాబాద్ రోడ్ల మీద గుంతలతో పాటు బిచ్చగాళ్లూ మాయమైపోయారు. భిక్షాటన మీద రెండు నెలల నిషేధం. మగవాళ్లను చంచల్‌గూడ జైలుకు, ఆడవాళ్లను చర్లపల్లి జైలుకు తరలించారు. ఏ నేరమూ చేయకుండానే జైలు ఆవరణలో బస, దానికి ‘ఆనందాశ్రమం’ అని పేరు! ఆ తర్వాత జైళ్ల శాఖ ఇంకో మెట్టెక్కి, బిచ్చగాళ్ల ఆచూకీ చెబితే రూ.500 బహుమతి అంది. అడుక్కునేవాడికి రూపాయి, పట్టించేవాడికి అయిదొందలు!

నిజానికి ఇల్లు లేనివాళ్ల కోసం నగరాల్లో లక్ష జనాభాకో ఆశ్రయం, అందులో మనిషికి 50 చదరపు అడుగుల చోటు ఉండాలని కేంద్ర పథకంలో నిబంధన పెట్టారు. కాగితం మీద చోటుకేం కొదవ?

ఇల్లు లేనివాళ్లంతా బిచ్చగాళ్లు కారు. చెప్పులు ఎవరైనా ఎత్తుకుపోతారని తలకింద పెట్టుకుని ఫుట్‌పాత్ మీద పడుకునేవాడు తెల్లారితే అడ్డా మీద కూలికి నిలబడతాడు. ఇంటికి దరఖాస్తు పెడతానంటే ఆధార్ తెమ్మంటారు. ఆధార్‌కు వెళితే అడ్రస్ ప్రూఫ్ అడుగుతారు. పెళ్లయితే గానీ పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితే గానీ పెళ్లి కాదు! ఇల్లు లేనివాడికి ఆధార్ ఎలా ఇస్తారని 2018లో సుప్రీంకోర్టే నిలదీసింది.

రాత్రికో దుప్పటి పడేస్తే సరిపోదు. ఇల్లివ్వాలి, పని చూపాలి, కాగితాలు చేయించాలి, బస్తీ వాళ్లు పేరు పెట్టి పిలవాలి. ఇదంతా మున్సిపల్ శాఖ చూడాల్సిన పని సారూ, జైళ్ల శాఖకు అప్పగించకండి!