ఒక గిటారు చాటువు: టీకా, తాత్పర్యం

ఆ.వె.
తీగ మీటి, వైరు తిన్నగా పెట్టెలో
దోపువాడు మొదట తూచవలయు
నెర్ర దీపమునకు నెడముంచి గుబ్బను
తిప్పువాని పాట తీపు, చాంద!

అవతారిక: మే నెల. చంద్రపూర్‌లో 45 డిగ్రీల ఎండ. మైకు పెడితే పాటకన్నా ముందు కూలరు మోత రికార్డవుతుంది, కూలరు ఆపితే ప్రాణం పోతుంది. ఆ సంకటంలో పుట్టిన పద్యమిది. కర్త ఎవరో తెలియదు, తెలిసినా ఒప్పుకోడు.

ప్రతిపదార్థం: తీగన్ = అయస్కాంతం మీద కంపించే ఆరు ఉక్కు తీగలలో ఒకదానిని; మీటి = పిక్కుతో వాయించి; వైరున్ = పావు అంగుళం జాక్ గలదానిని; తిన్నగా = ఆంప్, స్పీకరు, మైకు అనే ముగ్గురు మధ్యవర్తులు లేకుండా; పెట్టెలో = కంప్యూటరులో, లక్షణచేత ఆడియో ఇంటర్‌ఫేస్‌లో; దోపువాడు = గుచ్చెడివాడు; మొదటన్ = ముందుగా; తూచవలయున్ = తూకము వేయవలెను (ఓములను అని అధ్యాహారం); ఎర్ర దీపమునకున్ = క్లిప్ లైటుకు; ఎడము ఉంచి = దూరముగా నిలిపి; గుబ్బను = గెయిన్ నాబ్‌ను (శృంగారార్థం ఇక్కడ కూడదు); తిప్పువాని పాట = సర్దెడివాని వాద్యము; తీపు = మధురము; చాంద = ఓ చంద్రపురమా!

తాత్పర్యం: గిటారు పికప్ అంటే సన్నని రాగితీగ వేల చుట్లు. దానికి దాదాపు 10 లక్షల ఓముల ఇన్‌పుట్ కావాలి. కంప్యూటరు మైకు రంధ్రానికి ఉండేది కొన్ని వేలు. అందులో దోపితే పైస్వరాలు చచ్చి, గిటారు దుప్పటి కప్పుకుని పాడినట్టుంటుంది. అందుకే ఇంటర్‌ఫేస్ మీద ‘ఇన్‌స్ట్రుమెంట్’ బటన్ నొక్కమని కవి హృదయం. గట్టిగా వాయించినా మీటరు మైనస్ 12 డెసిబెల్స్ దగ్గర ఆగేలా గెయిన్ పెట్టుకుంటే చాలు.

విశేషాలు: ఇక్కడ పూర్వపక్షం ఒకటుంది. 1968లో బీటిల్స్ ‘రెవల్యూషన్’ పాటకు గిటార్లను నేరుగా మిక్సింగ్ డెస్క్‌లోకి గుచ్చి, కావాలనే దాని శక్తికి మించి అరిపించారు. ఎర్ర దీపానికి ఎడముంచలేదు కదా అంటారు. సమాధానం: అది అనలాగ్ యంత్రం, మితిమీరితే గరగరలాడుతూనే పాడుతుంది. డిజిటల్లో సున్నా డెసిబెల్స్ దాటిన శబ్దం తల నరికినట్టు తెగుతుంది, దాన్ని మళ్లీ అతికించలేం.

‘తిన్నగా’ అన్నది అర్థవాదమే. గిటారు స్పీకరు సుమారు 5 కిలోహెర్ట్జ్ పైన పెద్దగా పలకదు. ఆ వడపోత లేక నేరుగా వచ్చిన ధ్వని చెవిని గీరుతుంది. కాబట్టి గుమ్మంలో వద్దన్న ఆంప్, స్పీకరూ సాఫ్ట్‌వేర్ వేషంలో కిటికీ గుండా లోపలికొస్తాయి. ఆ వేషానికి కాస్త సమయం పడుతుంది: కంప్యూటరు ఒక్క విడతలో పోగుచేసే బఫర్ 256 శాంపిళ్లు పెడితే ఒకవైపే 5.8 మిల్లీసెకన్ల ఆలస్యం, వేలికి పట్టదు. 1024 అయితే పట్టి తీరుతుంది.

‘చాంద’ సంబోధనలో చమత్కారమంతా ఉంది. 2,920 మెగావాట్ల థర్మల్ కేంద్రం ఉన్న ఊరిని తీపి పాట వినమనడం! దేశమంతటా కరెంటు 50 హెర్ట్జ్‌లోనే నడుస్తుంది, సింగిల్ కాయిల్ పికప్ ఆ మోతను వినకుండా ఉండలేదు. గిబ్సన్ కంపెనీలో సెత్ లవర్ 1955లో రెండు కాయిల్స్‌ను ఎదురెదురుగా కలిపి హంబకర్ చేసింది దానికోసమే. కూలరు మోత తప్పించుకున్నవాడికి కూలరు మోటారు ఇలా మళ్లీ తగులుతుందని కవి ఊహించినట్టు లేదు. ఇది దోషమే.

చదువరులకు మనవి: రికార్డు నొక్కేముందు కూలరుకు కాస్త దూరం జరగండి. ల్యాప్‌టాప్ ఛార్జరు పీకి, బ్యాటరీ మీద ఒకసారి వాయించి చూడండి.