అయిదు నిమిషాల బావగారు

ప్రతి ఇంటికీ ఒక బావగారు ఉంటారు. పెళ్లి పందిట్లో కుర్చీలు చాలకపోతే ఎక్కడినుంచో తెప్పించేది ఆయనే. అర్ధరాత్రి ఎవరికైనా గుండెల్లో నొప్పంటే లుంగీ మీదే కారు తీసి వరంగల్ దాకా ఉరికించేదీ ఆయనే. ఆయన మంచితనం మీద నాకు రవ్వంత అనుమానం లేదు. తకరారంతా ఆయన కారు ఆగే చోటు దగ్గరే. బావగారి లెక్కలో కారున్నది దిగి నడవడానికి కాదు. తలుపు తీస్తే ఎదురుగా గుమ్మం కనబడాలి; మధ్యలో పది అడుగులు మించితే నామోషీ. అంత దగ్గర చోటు ఎక్కడైనా ఒకరికోసం ఆపిపెట్టిందే అయి ఉంటుంది కాబట్టి, దాన్ని దక్కించుకోవడానికి ఆయన ఒక మంత్రం పట్టుకున్నారు: "అయిదు నిమిషాలే." ఆ అయిదు నిమిషాల్లో ఆయన బ్యాంకులో పాస్‌బుక్ ఎక్కించుకుంటారు, జిరాక్స్ తీయించుకుంటారు, తెలిసినాయన ఎదురైతే చాయ్ తాగుతారు, ఆ తెలిసినాయన బిడ్డ సంబంధం ఎంతదాకా వచ్చిందో కనుక్కుంటారు, కుదరకపోతే ఇంకో సంబంధం చెప్పి వస్తారు.

ఈ విద్య బావగారికి మహానగరంలో అబ్బిందనుకుంటే పొరపాటు. రఘునాథపల్లి లాంటి ఊళ్లే దీనికి బడి. మొన్నటిదాకా వరంగల్ జిల్లా, 2016 అక్టోబర్ నుంచి జనగామ జిల్లా. ఒక పక్క 163వ నంబరు జాతీయ రహదారి, ఒక పక్క కాజీపేట–సికింద్రాబాద్ రైలు పట్టాలు. ఇలాంటి మండల కేంద్రాల్లో చక్రాల కుర్చీ బొమ్మ గీసిన పార్కింగ్ గడి కనబడటమే అరుదు. అరుదైనదాన్ని ఆక్రమించడం కష్టం గనుక బావగారు ఉన్నదాంతోనే సాధన చేశారు. ఆఫీసు మెట్ల పక్కన ర్యాంపు ఉంటుంది. అడుగు ఎత్తుకు పన్నెండు అడుగుల పొడవు ఉండాలన్నది దాని లెక్క. మన దగ్గర చాలాచోట్ల అడుగు ఎత్తుకు నాలుగడుగులతో సరిపెడతారు. ఆ వాలు మీద చక్రాల కుర్చీ నెట్టడానికి ఇద్దరు కావాలి గానీ మోటారు సైకిల్‌కు మాత్రం అది దివ్యంగా కుదురుతుంది. అందుకే కారు కొనకముందు బావగారి బండి ర్యాంపు మీదే ఉండేది: ముందు చక్రం గుమ్మంలో, వెనక చక్రం వాలు మీద, హ్యాండిల్‌కు తాళం. ఇక రైల్లో చివరి బోగీ వికలాంగులదని రాసి ఉన్నా, "స్టేషన్ ఘన్‌పూర్ దాకనే గదా" అని ఎక్కి కూర్చునేవారు. రిజర్వు చేసిన పెట్టెలో ఎక్కి, రైల్వేవాళ్లు దిగమన్నా దిగకపోతే 500 రూపాయల దాకా జరిమానా వేయొచ్చని 1989 నాటి రైల్వే చట్టం 155వ సెక్షన్ చెబుతుంది. టీసీ రాకముందే ఘన్‌పూర్ వచ్చేది కాబట్టి ఆ సెక్షన్‌తో బావగారికి పరిచయం కాలేదు.

కారు వచ్చాక చదువు పెరిగింది. రఘునాథపల్లి మండలంలోనే ఉన్న కోమళ్ల టోల్‌ప్లాజా దగ్గర ఎవరెవరికి రుసుం లేదో రాసిన బోర్డును బావగారు చదివినంత శ్రద్ధగా ఎవరూ చదివి ఉండరు. రాష్ట్రపతితో మొదలై మంత్రుల మీదుగా కిందికి దిగే ఆ జాబితాలో తనకు సరిపోయే పదవి ఏదన్నా ఉందా అని వెతుకుతూ వికలాంగుల కోసం ప్రత్యేకంగా తయారుచేసిన వాహనాల దగ్గర ఆగుతారు. 2008 నాటి టోల్ నిబంధనల్లో ఆ మినహాయింపు నిజంగానే ఉంది. అంతే, ఇంట్లో పెదనాన్నకు పోలియో కాలు ఉందన్న సంగతి ఆయనకు హఠాత్తుగా గుర్తొస్తుంది. చిన్న కార్లకు 28 శాతం జీఎస్టీ ఉన్న రోజుల్లో కాళ్లూ చేతుల వైకల్యం ఉన్నవారికి 18 శాతమే అని తెలిసినప్పుడు పెదనాన్న మీద ప్రేమ రెట్టింపు అవుతుంది. కారు పెదనాన్న పేరు మీద వస్తుంది, పెదనాన్న మాత్రం జనగామకు ఆర్టీసీ బస్సులోనే వెళ్తుంటాడు. వికలాంగుల కోసం ఉద్దేశించిన ప్రయోజనాన్ని మోసంతో పొందితే రెండేళ్ల దాకా జైలు, లేదా లక్ష దాకా జరిమానా, లేదా రెండూ అని 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 91వ సెక్షన్. బావగారికి చెబితే నొచ్చుకుంటారు: "గండ్ల మోసమేమున్నది? పెద్దనాయిన మనోడే గదా!"

ఇంత సాధనతో ఆయన హైదరాబాద్ మాల్ సెల్లార్‌లోకి దిగుతారు. లిఫ్ట్ పక్కనే నీలం రంగు గడి, మధ్యలో తెల్లని చక్రాల కుర్చీ బొమ్మ. 1968లో డెన్మార్క్ విద్యార్థిని సుసానే కోఫోడ్ గీసిన ఆ బొమ్మకు మొదట తల లేదు, తర్వాత పెట్టారు. ప్రపంచమంతా దాన్ని చూసి ఒక మనిషి కుర్చీలో ఉన్నాడనుకుంటుంది. బావగారికి ఖాళీ కనబడుతుంది. ఈల వేసుకుంటూ వాచ్‌మన్ వస్తాడు. "సార్, గది వికలాంగుల జాగ సార్." "ఎవలున్నరు తమ్మీ? పొద్దటిసంది ఖాళీగనే ఉన్నది గదా. అయిదు నిమిషాల్ల ఒస్త." "ఎవలన్న ఒస్తే సార్?" "ఫోన్ చెయ్యి, ఉరికొచ్చి తీస్త." నంబరు కూడా ఇస్తారు, పాపం, సెల్లార్‌లో సిగ్నల్ ఉండదు. మొదటి అరగంట పార్కింగ్ ఉచితమని 2018లో తెలంగాణ ప్రభుత్వం ఇచ్చిన 63వ నంబరు జీవో ఆయనకు కంఠతా వచ్చు, బిల్లు చూపిస్తే గంట దాకా కట్టనక్కర్లేదన్న సంగతితో సహా. ప్రభుత్వ ఉత్తర్వులు తెలియని మనిషని ఆయన్ని ఎవరూ అనలేరు. తనకు పనికొచ్చేవన్నీ తెలుసు.

బావగారి వాదనలో బలమైన ముక్క "ఖాళీగనే ఉన్నది" అన్నదే. దానికి జవాబు చెప్పకుండా ఆయన్ని తిట్టి లాభం లేదు. పొదుపు తెలిసిన ఇంటి మనిషి ఆయన. వాడని వస్తువు వృథా అని నమ్మినవాడు. కానీ కొన్నింటిని ఖాళీగా ఉంచడమే వాటిని వాడటం. 2005 నుంచి మన రోడ్ల మీద తిరుగుతున్న 108 బండి పొద్దంతా పిలుపు రాక నిలబడి ఉందనుకోండి, అందులో సిమెంటు బస్తాలు తోలుకుందామని బావగారు కూడా అనరు. వికలాంగుల గడి కూడా రాబోయే మనిషి ఎప్పుడొస్తాడో తెలియదు గనుకే ఖాళీగా ఉంటుంది. ఆ మనిషి వచ్చాక ఖాళీ చేసే చోటు అతనికి చోటు కాదు. కారు దిగితే తప్ప వాచ్‌మన్‌ను పిలవలేడు, చోటుంటే తప్ప కారు దిగలేడు.

ఆ దిగడం ఎలా ఉంటుందో దగ్గరగా చూస్తే ఈ సంగతి తేలిగ్గా అర్థమవుతుంది. చక్రాల కుర్చీ వాడే మనిషి ఒక్కడే కారు నడుపుకుంటూ వచ్చాడనుకుందాం. తలుపును కీలు ఆపేదాకా బార్లా తెరవాలి. పక్క సీట్లో మడిచి పెట్టిన కుర్చీ చట్రాన్ని తన ఒళ్లోంచి దాటించి బయట నేల మీద ఆనించాలి, ఒక్కో చక్రం తగిలించాలి, బ్రేకు వేయాలి. అప్పుడు ఒక చెయ్యి సీటు మీద, ఒక చెయ్యి కుర్చీ మీద ఆనించి, రెండు భుజాల బలంతో ఒంటిని ఒక్క ఊపులో ఇటునుంచి అటు వేసుకోవాలి. ఇదంతా తలుపు పక్కన నాలుగు అడుగుల జాగా ఉంటేనే. అందుకే మన జాతీయ భవన నిర్మాణ నియమావళి ఆ గడికి 3.6 మీటర్ల వెడల్పు ఉండాలంది, గుమ్మానికి 30 మీటర్లలోపు కనీసం రెండు కార్లకు అలాంటి చోటు ఉండాలంది. పక్కన కర్రలు కట్టుకుని సైడు చక్రాల స్కూటీ మీద వచ్చేవాళ్లకూ ఈ వెడల్పే కావాలి. మామూలు బైకుల వరసలో ఆ బండి ఇరుక్కుంటుంది. ఇక్కడ బావగార్లలో ఒక సూక్ష్మబుద్ధి రకం ఉంది. ఆయన గడిలో పెట్టరు, గడి పక్కన అడ్డగీతలు గీసిన చోట పెడతారు. "బొమ్మ మీద పెట్టలే గదా, గీతల మీద పెట్టిన." సినిమా చూసి బయటికొచ్చిన మనిషి తన కారు ఎదుట ఉండి కూడా ఎక్కలేక కూర్చోవడానికి కారణం ఆ గీతల మీది బావగారే.

"అసలు వికలాంగులు కార్లల్ల ఏడొస్తరు?" అన్నది రెండో ఆక్షేపణ. 2011 జనాభా లెక్కల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వికలాంగులు 22 లక్షలకు పైనే. వాళ్లందరికీ కార్లున్నాయని ఎవరూ అనరు, కానీ అన్న కారులోనో ఆటోలోనో వచ్చేవాళ్లకు కూడా దిగడానికి అదే చోటు కావాలి. బండి రిజిస్ట్రేషన్ దరఖాస్తులో దివ్యాంగుల యాజమాన్యం అని విడిగా రాయాలని కేంద్రం 2020లో మార్పు తెచ్చింది, యజమానులు ఉన్నారు కాబట్టే కదా. మన పాలమూరు గడ్డ మనిషి ఎస్. జైపాల్‌రెడ్డి పోలియో సోకిన కాళ్లతో చంక కర్రల మీదే పార్లమెంటులో దశాబ్దాలు నడిచారు, కేంద్రమంత్రిగా శాఖలు ఏలారు. మంత్రికి మెట్ల దాకా కారు వస్తుంది. ఆ వైకల్యమే ఉన్న పంచాయతీ గుమస్తాకు రాదు. రెండుసార్లు వచ్చి చోటు లేక తిరిగి పోయిన మనిషి మూడోసారి రాడు. అతను రాలేదు గనుక గడి ఖాళీగా ఉంటుంది, గడి ఖాళీగా ఉంది గనుక బావగారు పెడతారు. ఈ చక్రాన్ని తిప్పుతున్నదెవరో ఆయనకు ఒక్కసారైనా తట్టదు.

మూడోది కొట్టిపారేయలేని ఆక్షేపణ: "మా అమ్మకు మోకాళ్ల నొప్పులు." నిజంగానే అమ్మ కారులో ఉండి, నిజంగానే నడవలేకపోతే, గుమ్మం దగ్గర దింపి కారు అవతల పెట్టుకోవడానికి ఏ అడ్డూ లేదు. అమ్మ ఇంట్లో ఉండి నొప్పులు మాత్రం కారులో వచ్చినప్పుడే పేచీ. అయితే ఈ మాట ఇంకో ప్రమాదాన్ని కూడా గుర్తుచేస్తుంది. బావగారికి పోటీగా ఒక తమ్ముడుగారు తయారవుతున్నారు. ఫోన్ పట్టుకుని, గడిలోంచి దిగిన ప్రతివాడి నడకనూ వీడియో తీస్తూ, "కుంటడం లేదే!" అని నిలదీసే రకం. 1995 చట్టంలో ఏడు రకాలుగా ఉన్న వైకల్యాలు 2016 చట్టంలో 21 అయ్యాయి. తలసేమియా, పార్కిన్సన్స్ కూడా అందులో ఉన్నాయి. అన్నీ నడకలో కనబడేవి కావు. అనుమానం ఉంటే కార్డు అడిగే పని సిబ్బందిది. అమెరికాలో అద్దానికి తగిలించే పలక ఉంటుంది. మనకు దేశమంతటా చెల్లే అలాంటి పార్కింగ్ కార్డు లేదు, ఉన్నది వైకల్యాన్ని ధ్రువీకరించే సదరం సర్టిఫికెటో యూడీఐడీ కార్డో. తమ్ముడుగారి ఆవేశం కన్నా ఒక పలక ఎక్కువ పనిచేస్తుంది.

అమెరికా మాట వచ్చింది కాబట్టి, బావగారి కొడుకు డల్లాస్‌లో ఉంటాడు. అక్కడ ఆ గడి ఛాయలకు కూడా పోడు. "అక్కడోళ్లకు క్రమశిక్షణ ఎక్కువ" అని బావగారు మురిసిపోతారు. క్రమశిక్షణ సంగతేమో గానీ టెక్సాస్‌లో మొదటిసారి దొరికితేనే కనీసం 500 డాలర్ల జరిమానా. అక్కడివాళ్లు మాత్రం పుట్టుకతో ధర్మరాజులా? 1999లో లాస్ ఏంజెలెస్‌లో యూసీఎల్‌ఏ ఫుట్‌బాల్ జట్టు ఆటగాళ్లు, మాజీ ఆటగాళ్లు డజనుకు పైగా, లేని జబ్బులు చూపించి వికలాంగుల పార్కింగ్ పలకలు సంపాదించారని కేసులపాలయ్యారు. మైదానంలో అంతంత దూరాలు పరిగెత్తేవాళ్లకు కారు దగ్గర్నుంచి క్లాసుకు నడవడం కష్టమైంది. బావగారు ఏ ఒక్క దేశానికో చెందినవారు కారు.

మనవైపు చట్టం తీరు చూస్తే బావగారి మీద కాస్త జాలి కూడా కలుగుతుంది. 2016 చట్టం 45వ సెక్షన్ ప్రజలు వాడే పాత భవనాలన్నింటినీ అందరికీ అందుబాటులోకి తేవడానికి నియమాలు వచ్చిన నాటినుంచి అయిదేళ్లు గడువిచ్చింది. నియమాలు 2017 జూన్‌లో వచ్చాయి, గడువు 2022లో దాటిపోయింది. బావగారిది అయిదు నిమిషాలు, సర్కారుది అయిదేళ్లు. ఈ అందుబాటు గురించే నడిచిన రాజీవ్ రతూరి కేసులో సుప్రీంకోర్టు అడిగితే హైదరాబాద్‌లోని నల్సార్ విశ్వవిద్యాలయం వైకల్య అధ్యయన కేంద్రం దేశంలో పరిస్థితి ఎలా ఉందో నివేదిక ఇచ్చింది. పాటిస్తే పాటించండి అన్నట్టున్న 15వ నియమం చట్టానికే విరుద్ధమని, తప్పనిసరిగా పాటించాల్సిన ప్రమాణాలు మూడు నెలల్లో తేవాలని 2024 నవంబర్ 8న కోర్టు తీర్పు చెప్పింది. ఆ తీర్పు ర్యాంపు మీది మోటారు సైకిల్‌ను తొలగించదు. దానికి ర్యాంపు కింద రెండు ఇనుప గుంజలు చాలనిపిస్తుంది, కుర్చీ పట్టేంత, బండి హ్యాండిల్ పట్టనంత ఎడంతో. కుర్చీ వెళ్లడానికి మూడడుగులు కావాలి, హ్యాండిల్ దాదాపు రెండున్నరడుగులే కదా అని లెక్క తెలిసినవారు అడ్డుపడతారు. నిజమే, గుంజలు బుల్లెట్‌ను పూర్తిగా ఆపలేవు. గుంజలు ఆపలేనిదాన్ని ఆఫీసులో కూర్చున్న అధికారి ఒక్క మాటతో ఆపగలడు, సొంత బండి ముందుగా అక్కడినుంచి తీస్తే.

బావగారు సెక్షన్లకు బెదరరు, వాచ్‌మన్‌ను లెక్కచేయరు, 500 రూపాయలంటే జేబులోంచి తీసి ఇచ్చేస్తారు. ఆయన బతికేది మర్యాద మీద. నలుగురిలో మాట పడటం ఒక్కటే ఆయనకు ప్రాణసంకటం. ఆ మర్యాదకు కాపలా ఉన్నవాళ్లు వాచ్‌మన్లు కారు. ఆ కారులోనే ముందు సీట్లో అక్క, వెనక సీట్లో మనం కూర్చుని ఉంటాం. ఈసారి నీలం గడిలోకి ఆయన స్టీరింగ్ తిప్పినప్పుడు ఎవరూ తలుపు తీయకండి. "బావా, కారు అవతల పెట్టినాకనే దిగుతం" అనండి, అక్కతో కూడా అనిపించండి. అయిదు నిమిషాలు కూడా పట్టదు.