పాత పైలట్

పాత పైలట్ అంటే విమానం నడిపినవాడు కాదు. ఆన్‌లైన్ విమాన యుద్ధాల ఆటలో ఇరవై ఏళ్లుగా కూలుస్తూ, కూలుతూ, ఇంకా ఖాతా మూయనివాడు. కర్ణాటకలో బాగేపల్లి, చింతామణి, నాగరగెరె వైపు ఈ జాతి పలచన. విమానాల పిచ్చి అంటుకోవడానికి మాత్రం అక్కడ లోటు లేదు: ఏరో ఇండియా 1996 నుంచి యలహంక వైమానిక స్థావరంలో జరుగుతోంది, గౌరిబిదనూరులో రైలెక్కితే యలహంకలో దిగొచ్చు.

ఇతని ఆట టెక్సాస్ సంస్థ ఒకటి 2000లో తెచ్చిన ఏసెస్ హై, లేదా దాని ఈడుది మరొకటి. రెండో ప్రపంచ యుద్ధం నాటి విమానాలు, నెలకు సుమారు 15 డాలర్ల చందా, మొదటి రెండు వారాలు ఉచితం. టెక్సాస్‌లో రాత్రి ఎనిమిదిన్నరకు యుద్ధం ముదిరితే, వేసవిలో ఇక్కడ తెల్లారి ఏడు గంటలు. డెయిరీకి పాలు పోసి రమ్మని అమ్మ కేకేసే వేళ. "ఉండుమా, వెనకాల మెస్సర్‌ష్మిట్ ఉంది" అన్న జవాబు ఆ ఇంట్లో ఎవరినీ కంగారు పెట్టదు. పాల క్యాను చివరికి నాన్నే మోస్తాడు.

ఒకప్పుడు ఒకే ఆకాశంలో వందలమంది తిరిగేవాళ్లు. 2012లో వార్ థండర్ చందా లేకుండానే వచ్చింది. కుర్రకారు అటు పోయింది. అప్పట్నుంచి పాత పైలట్‌ది ఒకటే పాట: "కొత్తోళ్లు రావాలప్పా." ఆ కోరికలో కల్తీ లేదు. కూల్చడానికి మనుషులు కావాలి గదా.

కొత్తవాడు వస్తాడు కూడా. థ్రాటిల్ పూర్తిగా తోయగానే ఒంటి ఇంజన్ విమానం ఒక పక్కకు లాగి గడ్డిలో దిగబడుతుంది. రడ్డర్ తొక్కాలని వాడికి ఎవరూ చెప్పలేదు. ఎలాగో లేచాక ఆత్రంగా ముక్కు పైకెత్తుతాడు, వేగం చచ్చి స్టాల్ అయి రాయిలా పడతాడు. అదీ దాటితే పది నిమిషాల ప్రయాణం, పది సెకన్లలో చావు. కొట్టిందెవరో కూడా కనబడదు. ఉచితమైన రెండు వారాల్లో వాడు వాడుకునేది సాధారణంగా ఒక్క సాయంత్రమే.

ఆ కొట్టింది ఎవరో మనకు తెలుసు. ఇరవై వేల అడుగుల ఎత్తున, బస్సు దిగేవాళ్ల కోసం కాచుకున్న ఆటోవాడిలా కొత్తవాడి రన్‌వే మీదే తిరుగుతుంటాడు. ఎత్తే అతని ఆస్తి. కిందికి దూకితే అది వేగమవుతుంది. కాల్చి, ఆ వేగంతోనే మళ్లీ పైకెళితే చాలావరకు ఎత్తుగా తిరిగొస్తుంది. కూల్చాక ఒక సందేశం: "ఎత్తు లేకుండా ఎందుకొచ్చినావప్పా?" అతని దృష్టిలో అది బోధన. ఎత్తు సంపాదించుకునేలోపే కొట్టేస్తే వాడు ఎక్కణ్నుంచి తేవాలన్నది సిలబస్‌లో లేదు.

ఆటను బతికించడానికి అతని దగ్గర పథకాలకేం కరువు లేదు. కొత్త మ్యాపు కావాలి, స్పిట్‌ఫైర్‌లో ఇంకో రకం కావాలి, రెక్కల మీద రంగు చరిత్రకు సరిపోవాలి. అన్నీ పాతవాళ్లకే. స్టాల్ కాకుండా ఆపే సహాయం, కంప్యూటరే నడిపే సాధన విమానాలు, ఎటు గురిపెట్టాలో చూపే గుర్తు, సమఉజ్జీలను జతకట్టే పద్ధతి లాంటివి ఏదో ఒక ఆటలో ఎప్పట్నుంచో ఉన్నవే. వాటిని "పిల్లకాయల ఆట" అని కొట్టిపారేస్తాడు. వార్ థండర్‌లో మౌస్ ఎటు చూపితే కంప్యూటరే విమానాన్ని అటు తిప్పుతుంది. చింతామణి నుంచి వచ్చిన మేనల్లుడు ఆ మౌస్‌తో పదో నిమిషానికి ఒకణ్ని కూల్చేసరికి, మామకు పాల డెయిరీ గుర్తొచ్చింది.

నిజంగా పనికొచ్చేది పక్కన ఎగిరే తోడు. ఏసెస్ హైలో కొత్తవాళ్లకు నేర్పే స్వచ్ఛంద శిక్షకులు ఉన్నారు. పాత పైలట్ కూడా ఎప్పుడో ఒకసారి ఆ పనికి ఒప్పుకుంటాడు. ఇంజన్‌లో సూపర్‌చార్జర్ ఏ ఎత్తులో ఎంత బలమిస్తుందో ముప్పావుగంట చెబుతాడు. మధ్యలో హెడ్‌సెట్‌లో సన్నగా ఒక గొంతు: "అన్నా, చక్రాలు లోపలికి పోయేదానికి ఏ బటన్?" చాలా ఆటల్లో అది జీ మీట. పాత పైలట్ పాఠం అప్పటికి 1940 నాటి ఇంజన్ల దాకే వచ్చింది. ఆ సంగతి తర్వాత చెబుతానంటాడు.