ఎనిమిది మార్కుల ప్రశ్నకు సంజీవనీ వ్యాఖ్య

అవతారిక

మార్చి దగ్గరపడే కొద్దీ పదో తరగతి స్టడీ అవర్లలో పారాయణం మొదలవుతుంది. సోషల్ సారు 'ఇంపార్టెంట్' అని టిక్కు పెట్టిన ప్రశ్నలకు గైడులో జవాబు వెతికి, కళ్లు మూసుకుని ఊగుతూ వల్లించడం ఆ పారాయణ విధి. మూలం చదవడం అనే కర్మ ఆ విధిలో ఎక్కడా చెప్పబడలేదు. అందుచేత ప్రశ్నలో 'సహాయ నిరాకరణ' అన్న మాట కంటబడితే చాలు, కలం రౌలట్ చట్టం దగ్గర బయల్దేరి, జలియన్‌వాలాబాగ్‌లో కాసేపు ఆగి, చౌరీచౌరా చేరాక గాని నిలవదు. అడిగినదేమిటో దారిలో ఎక్కడో జారిపోతుంది.

మెదకు సీమలోని కొలాచలం వాడు మల్లినాథ సూరి. కాళిదాసు కావ్యాలకు సంజీవనీ వ్యాఖ్య రాస్తూ, ఆధారం లేనిది రాయననీ, అక్కర లేనిది చెప్పననీ నియమం పెట్టుకున్నాడు. పరీక్ష రాసే వాడికి ఇంతకు మించిన స్లిప్ టెస్టు లేదు. ఆ సూరి మీద భారం వేసి, ఒక ప్రశ్నకు టీక ఆరంభిస్తున్నాం.

మూలం

సహాయ నిరాకరణోద్యమంలో పాల్గొన్న వివిధ వర్గాలు స్వరాజ్యానికి వేర్వేరు అర్థాలు చెప్పుకున్నాయి. ఉదాహరణలతో చర్చించండి. (8 మార్కులు)

ప్రతిపదార్థం

సహాయ నిరాకరణోద్యమంలో = 1920 డిసెంబరులో నాగపూర్ కాంగ్రెసు ఖాయం చేయగా, 1921 జనవరిలో ఊపందుకుని, 1922 ఫిబ్రవరిలో గాంధీజీ ఆపివేసిన ఉద్యమమందు; పాల్గొన్న = బడి మానో, కోర్టు మానో, పని మానో దిగిన; వివిధ వర్గాలు = ఒకే పంక్తిలో కూర్చుని ఎన్నడూ భోంచేయని జనాలు; స్వరాజ్యానికి = ఆ మూడక్షరాలకు; వేర్వేరు అర్థాలు = ఒకరి అర్థం రెండోవారికి అనర్థంగా తోచేంత తేడా గల భావాలు; చెప్పుకున్నాయి = తమలో తాము అనుకున్నాయి, ఎవరినీ అడగలేదని ధ్వని; ఉదాహరణలతో = ఊరు, పేరు, ఏడుతో; చర్చించండి = పాయింట్లు పేర్చి ఊరుకోక, ఒకదాని పక్కన ఒకటి పెట్టి తూచండి; 8 మార్కులు = అడిగిన దానికి మాత్రమే.

అన్వయం

'చర్చించండి' క్రియ. 'మీరు' లుప్తమైన కర్త. కర్మ ఏది? ఇక్కడే తరగతి సగం బోల్తా పడుతుంది. 'ఉద్యమంలో' అన్నది అధికరణం, అంటే అది చర్చకు చోటు. చర్చ అర్థాల గురించి. ఉద్యమ చరిత్ర మూడు పేజీలు రాసినవాడు ఇంటి అడ్రసు రాసి ఇంటి సంగతి మరిచిపోయినవాడితో సమానం.

వ్యాఖ్య

పట్నం వాళ్లతో మొదలుపెట్టడం ఆనవాయితీ. విద్యార్థులు సర్కారు బడులు వదిలారు, ప్లీడర్లు కోర్టులు మానేశారు, విదేశీ బట్టలు కుప్పలు పోసి తగలబెట్టారు. 1921, 1922ల మధ్య విదేశీ వస్త్రాల దిగుమతి విలువ 102 కోట్ల రూపాయల నుంచి 57 కోట్లకు దిగింది. ఈ రెండంకెలూ ప్రతి పిల్లవాడికీ నోటికి వచ్చు. పాఠంలో ఆ తర్వాత ఉన్నదే రాదు: మిల్లు గుడ్డ కంటే ఖద్దరు ఖరీదు, పేదవాడు ఎన్నాళ్లని కొంటాడు? వదిలేసిన బడికి బదులు జాతీయ పాఠశాలలు సరిపడా లేవలేదు. పిల్లలూ మాస్టర్లూ పాత బడికే వచ్చారు, ప్లీడర్లు నల్లకోట్లు మళ్లీ తొడిగారు. మద్రాసులో జస్టిస్ పార్టీ అయితే ఎన్నికల బహిష్కారానికి మొదటే ఒప్పుకోలేదు. శాసనసభలోకి వెళితేనే బ్రాహ్మణేతరులకు అధికారంలో వాటా దొరుకుతుందని దాని లెక్క. మార్కులున్నది ఈ వాక్యాల్లో.

అవధ్ రైతుల నాయకుడు బాబా రామచంద్ర సన్యాసి. అంతకు ముందు ఫిజీలో ఒప్పంద కూలీ. ఈ ముక్క రాస్తే పేపరు దిద్దే సారు కళ్లజోడు సవరించుకుంటారు. అక్కడి రైతుకు శత్రువు లండన్‌లో లేడు, పక్క హవేలీలో ఉన్నాడు. తాలూక్‌దార్ల కౌళ్లు, వెట్టిచాకిరీ భరించలేక జమీందారు ఇంటికి మంగలీ చాకలీ వెళ్లకుండా పంచాయతీలు కట్టుబాటు చేశాయి. పన్ను కట్టనక్కర లేదనీ, భూమి పేదలకు పంచుతారనీ గాంధీజీ చెప్పాడని ఊరూరా మాట పాకింది. 1921లో తాలూక్‌దార్ల, వర్తకుల ఇళ్ల మీద దాడులు జరిగాయి, ధాన్యం నిల్వలు రైతుల చేతికి వచ్చాయి. కాంగ్రెసు పెద్దలు తలపట్టుకున్నారు.

అస్సాం తేయాకు తోటల కూలీలకు స్వరాజ్యమంటే గేటు దాటి బయటికి రావడం. 1859 నాటి ఇన్‌ల్యాండ్ ఎమిగ్రేషన్ చట్టం ప్రకారం అనుమతి లేకుండా తోట వదలకూడదు, ఆ అనుమతి దొరికేది అరుదు. గాంధీ రాజ్యం వస్తోంది, సొంతూళ్లో తలా ఇంత నేల ఇస్తారు అని నమ్మి వేలాదిగా బయల్దేరారు. రైళ్ల, స్టీమర్ల సమ్మెతో దారిలో చిక్కుకున్నారు. పోలీసులు పట్టుకుని కొట్టారు.

గూడెం కొండల వాళ్లకు అడవి మూతపడింది. పశువుల మేత, వంటచెరకు, పండు అన్నీ నేరమయ్యాయి. పైగా రోడ్డు పనికి వెట్టి. అల్లూరి సీతారామరాజు గాంధీజీని మెచ్చుకున్నాడు, ఖద్దరు కట్టమన్నాడు, కల్లు మానమన్నాడు. కానీ దేశం విడిపించుకోవడానికి బలప్రయోగం తప్ప దారి లేదన్నాడు. ఒకే మనిషిలో గురుభక్తి, గురువుతో విభేదం రెండూ ఉన్నాయి. ప్రశ్న అడిగిన 'వేర్వేరు' ఇంతకన్నా స్పష్టంగా ఎక్కడా దొరకదు.

శంకా సమాధానాలు

శంక: సార్, గాంధీజీ ఉద్యమం ఆపింది 1922 ఫిబ్రవరిలో. రాజు చింతపల్లి పోలీసు స్టేషను మీద పడింది ఆగస్టులో. ఆగిపోయిన ఉద్యమంలో ఎలా పాల్గొంటాడు?

సమాధానం: కూర్చోరా, నీకు రెండు మార్కులు ఇప్పుడే వచ్చాయి. పాఠం ఈ నాలుగింటినీ ఒకే గొడుగు కింద పెట్టింది, తేదీలు మాత్రం గొడుగు బయట తడుస్తున్నాయి. అలాగే రాయి. రాజు ఏజెన్సీలో మద్యపాన నిషేధం, పంచాయతీ తీర్పులు ప్రచారం చేసింది ఆ ఉద్యమ ప్రభావంతో. తుపాకులు ఎత్తుకెళ్లింది అది ఆగిన ఆరు నెలలకు. పై నాయకుడు ఆపితే కింద ఆగలేదు, ఎందుకంటే కింద వాళ్ల కారణాలు వేరు. మూలంలోని 'చర్చించండి' నీ నోట అర్థవంతమైంది.

శంక: గైడులో ఇది లేదు సార్. సైడ్ హెడింగులు ఐదే ఉన్నాయి.

సమాధానం: గైడుకారుల మతం ప్రకారం ప్రతి ఉద్యమానికీ కారణాలు ఐదు, ఫలితాలు ఐదు. ఈ మతానికి మూలంలో ఆధారం లేదు గనుక ఖండనీయం. సైడ్ హెడింగు పెట్టుకో, స్కెచ్ పెన్నుతో గీత గీసుకో, అభ్యంతరం లేదు. దాని కింద ఒక వర్గం, దాని బాధ, అది స్వరాజ్యమని దేన్ని అనుకుంది, ఆ తర్వాత ఏమైంది, ఈ నాలుగూ ఉండాలి.

పాఠాంతరం

కొన్ని పేపర్లలో 'చర్చించండి'కి బదులు 'పేర్కొనండి' అని కనబడుతుంది. అప్పుడు పేర్లు రాసి లేచిపోవచ్చు. మార్కులు కూడా రెండే ఉంటాయి.

శంక: ఆఖరిది సార్. మాది చీరాల. పాఠంలో మా ఊరు లేదు, రాస్తే కొట్టేస్తారా?

సమాధానం: 'ఉదాహరణలతో' అన్నారే గాని, పుస్తకంలో ఉన్న ఉదాహరణలతో అనలేదు. 1921లో దుగ్గిరాల గోపాలకృష్ణయ్య వెంట చీరాల, పేరాల జనం ఇళ్లు వదిలి, ఊరవతల రామనగర్‌లో పాకలు వేసుకుని నెలల తరబడి ఉన్నారు. ఎందుకు? రెండూళ్లూ కలిపి మున్సిపాలిటీ చేసి పన్ను పెంచారని. మరి వాళ్ల స్వరాజ్యం ఏమిటో నువ్వే చెప్పు.

మున్సిపాలిటీ లేకపోవడం, సార్.

రాయి.